ఐసు ట్యాంకు మీద కొబ్బరి చిప్ప

ఆ రోజు కొబ్బరి చిప్పను తీసి పక్క వరస మీద పెట్టింది నేనే. ఆ మాట చెప్పడానికి నాకు శనివారం నుంచి సోమవారం దాకా పట్టింది. ఆలోపు నా తప్పును ఒక ఆడపిల్ల మోసింది. నేను పక్కనే నిలబడి మోయనిచ్చాను.

చిప్ప సంగతి తెలియాలంటే ముందు ఐసు ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి. అప్పట్లో నేను ఏలూరు నుంచి రోజూ బస్సులో వచ్చి గుండుగొలనులో దిగేవాణ్ణి. అక్కడ కిళ్ళీ కొట్టు వెనక పెట్టుకున్న సైకిలు తీసుకుని కొల్లేరు వైపు రోడ్డు పట్టేవాణ్ణి. చెరువుల మధ్య, గట్టు పక్కన, రేకుల కప్పుతో మా ఫ్యాక్టరీ ఉండేది. చేపల పట్టుబడి ఉన్న రోజు లారీలకు ఐసు మేమే ఇవ్వాలి. నేను సూపర్వైజర్ని.

ఫ్యాక్టరీలో పెద్ద ఉప్పునీళ్ళ ట్యాంకు ఉంటుంది. అందులో ఇనప డబ్బాలు వరసలు వరసలుగా దిగి ఉంటాయి. డబ్బాల్లో మంచినీళ్ళు పోస్తే చుట్టూ ఉన్న ఉప్పునీటి చలికి అంచుల నుంచి లోపలికి గడ్డకడుతూ వస్తాయి. నడిమధ్య నీళ్ళు అన్నిటికంటే ఆఖర్న గడ్డకడతాయి. పైన అంతా చెక్క మూతలే. మూతలు వేశాక ఏ వరస పండిందో, ఏ వరస పచ్చిగా ఉందో పైకి తెలియదు. అందుకని కొత్తగా నీళ్ళు పోసిన వరస మూత మీద ఒక కొబ్బరి చిప్ప బోర్లిస్తాం. చిప్ప ఉన్న వరస జోలికి ఎవరూ పోకూడదు. మా ఫ్యాక్టరీలో దానికి మించిన చట్టం లేదు. అలికి ముగ్గేసిన చోట కాలు పెట్టనట్టు, ఆ మూతను అందరూ దాటుకుని వెళ్ళేవాళ్ళు.

నీళ్ళు పోయడం, చిప్ప పెట్టడం నేను మొదట చెప్పిన ఆ అమ్మాయి పని. కొల్లేటి లంక పిల్ల. సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక వాళ్ళ నాన్నకు చెరువు కాపలా పని పోయింది. ఇంటరు అయిపోగానే ఈ పిల్ల మా దగ్గర చేరింది. చేరిన మొదటి వారం నుంచే చూపంతా మెషీను గది మీద. ట్యాంకును చల్లబరిచే అమ్మోనియా కంప్రెసరు నడిపే ఆపరేటరు గారికి ఒక హెల్పరు కావాలి. ఉన్న కుర్రాడు వేరే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. "బాబాయ్, ఈ ప్రెషరు ముల్లు ఎందుకు కిందకు దిగింది? ఈ వాల్వు తిప్పితే ఏవవుద్ది?" అని ఆ పిల్ల అడుగుతూనే ఉండేది. ఆయన చెబుతూనే ఉండేవారు. చివరికి ఆయనే ఓనరు గారితో, "ఈ పిల్లకి నేర్పుతానండి, నేర్చుకుంటది" అన్నారు. ఓనరు గారు అవుననలేదు, కాదనలేదు. నెలాఖరుకు చెబుతానన్నారు. ఆ నెలంతా ఆ అమ్మాయి ఆ ఒక్క మాట కోసమే పనిచేసింది.

మెషీను గదిలో ఒక పాత టీవీ ఉండేది. కంప్రెసరు దగ్గర రోజంతా కూర్చోవాలి కదా అని ఆపరేటరు గారు పెట్టించుకున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ అందులో జపాను బొమ్మల సీరియల్ ఒకటి తెలుగులో వచ్చేది. చిన్నపిల్లల ఛానెలే కానీ అందులో రాక్షసులు లేరు, కొట్లాటలు లేవు. బడి అయిపోయిన ఒక అమ్మాయి దీవుల మధ్య జనాన్ని దాటించే పెద్ద పడవ, పంటు మీద పనికి చేరుతుంది. అంతే కథ. తాడు కట్టడం రాదు, ఒకసారి తాడుతో పాటు తనే నీళ్ళలో పడుతుంది. పెద్ద కెప్టెను మాట్లాడడు. ఒక రోజు వాన పడి జనం ఎవరూ రారు. ఆ భాగమంతా పంటు వాళ్ళు కూర్చుని తెగిన తాడు పేనుకుంటారు.

"దీంట్లో ఏవుందని చూస్తారర్రా?" అనేవాణ్ణి నేను గుమ్మంలోంచి.

"మన లంకలో పడవలాగే ఉంటదండీ" అనేది అమ్మాయి, కళ్ళు తిప్పకుండా.

"ఇంటరు చదివావు, బొమ్మలు చూస్తున్నావు. చూసినంతసేపు చూసి లేవండి, చేపల ట్రేలు కడగాలి."

ఆ సీరియల్లో సాయంత్రం పంటు కట్టేశాక పనివాళ్ళందరూ రేవులో వరసగా నిలబడతారు. ఆ రోజు ఎవరి చేతిలో ఏం తప్పిందో వాళ్ళే చెబుతారు. డబ్బింగు చెప్పినవాళ్ళెవరో గానీ పాఠ్యపుస్తకం భాష పెట్టారు: "నేటి పొరపాటు నాది." మిగతావాళ్ళు తిట్టరు. "రేపు సరిచూద్దాం" అంటారు. అంతే, ఇళ్ళకు పోతారు.

అమ్మాయి దీన్ని మా ఫ్యాక్టరీకి తెచ్చింది. ఒక సాయంత్రం అందరూ చేతులు కడుక్కుంటుంటే ట్యాంకు పక్కన నిటారుగా నిలబడి, "నేటి పొరపాటు నాదండీ. పైపు కట్టకుండా వదిలేశాను, నీళ్ళు పారిపోయినై" అంది. అందరూ పడీపడీ నవ్వారు. మర్నాడు ట్రేలు కడిగే ఆవిడ ముందుకొచ్చింది.

"నేటి పొరపాటు నాదండోయ్! పొద్దున్న మా ఆయన కేరేజీలో చారు పోశాను, అన్నం పెట్టడం మర్చిపోయాను."

"అది పొరపాటేంటి పిన్నీ, కావాలనే చేసుంటావ్" అంది అమ్మాయి.

"ఏయ్, రేపు సరిచూద్దాం అనాలే నువ్వు!"

అలా ఆటగా మొదలై అలవాటైంది. ఆపరేటరు గారు కూడా నూనె పోయడం ఆలస్యమైతే చెప్పేసేవారు. నేను మాత్రం కొంచెం దూరంగా, సైకిలు పట్టుకుని నిలబడేవాణ్ణి. సూపర్వైజరుకు పొరపాట్లేమిటి అని నా ఉద్దేశం. ఆ ఉద్దేశం ఊరికే రాలేదు. కుర్రతనంలో నేను తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో పనికి చేరాను. అక్కడ తప్పు చెప్పినవాడికి తిట్లు, దాచినవాడికి జీతం. నేను చక్కగా దాచేవాణ్ణి. అంత బాగా దాచాను కాబట్టే సూపర్వైజర్నయ్యానేమో.

ఇంకోటి కూడా దాచాను. ఆ బొమ్మల సీరియల్ నేనూ చూసేవాణ్ణి. గది లోపలికి వెళ్ళేవాణ్ణి కాదు. ట్యాంకు దగ్గర ఏదో పనున్నట్టు తచ్చాడుతూ గుమ్మం వారనుంచి చూసేవాణ్ణి. సీరియల్లో పిల్ల తాడు కట్టడం నేర్చుకున్న రోజు నేను గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. మిల్లులో నేను చేరిన మొదటి రోజు గుర్తొచ్చింది. ఆ రోజు నాకెవరైనా "రేపు సరిచూద్దాం" అని ఉంటే, అనుకున్నాను.

ఇక ఆ శనివారం. వేసవి, పైగా కరెంటు కోతలు. ఐసు తయారవడమే కష్టంగా ఉంది. మధ్యాహ్నం ఒక లారీ, సాయంత్రం ఒక లారీ వెళ్ళాలి. మధ్యాహ్నం లారీకి ఐసు పండి ఉంది. సాయంత్రం లారీకి, అంతకు ముందురోజు నీళ్ళు పోసిన వరస మీదే ఆశ. దాని మీద చిప్ప ఉంది.

నేను పొద్దున్న గుండుగొలను సెంటర్లో తాటిముంజలు కొన్నాను. వాటిని చల్లబరుచుకోవాలని బుద్ధి పుట్టింది. పండిన వరసలో పెట్టడానికి వీల్లేదు, అంతా గడ్డే. పచ్చి వరసలో అయితే మధ్యలో నీళ్ళుంటాయి. అందుకని, ఎవరూ తాకకూడని ఆ చిప్పను నా చేత్తోనే తీసి, మూత ఎత్తి, ఒక డబ్బాలోకి ముంజల కేరేజీ దించాను. చేపలకు పోయే ఐసులో నా కేరేజీ! వేరే ఎవరన్నా ఆ పని చేస్తే ఇంటికి పంపేసేవాణ్ణి.

భోజనాల వేళ కేరేజీ తీసుకోవడానికి వచ్చాను. సరిగ్గా అప్పుడే సీరియల్లో పంటుకు తుఫాను తగిలింది. కెప్టెనుకు చెయ్యి విరిగింది. చుక్కాని ఆ పిల్ల చేతికిచ్చారు. నేను కేరేజీ పైకి లాగాను, మూత వేశాను, చిప్ప పెట్టాను. కళ్ళు మాత్రం టీవీ మీదే ఉన్నాయి. చిప్ప పక్క వరస మీద పడింది.

కాసేపటికి లారీ వచ్చింది. క్రేను వాళ్ళు చిప్ప లేని వరసను ఎత్తారు. ఐసు ఊడిరావడానికి డబ్బాలను నీళ్ళ తొట్టిలో ముంచి వంచేసరికి దిమ్మలు జారి పడి పగిలిపోయాయి. లోపలంతా నీళ్ళే. వరస మొత్తం నేల మీద ముక్కలై కాలవలోకి పోయింది. ఆపరేటరు గారు పరుగెత్తుకొచ్చి, చిప్ప ఉన్న మూత ఎత్తి చూశారు. కింద గట్టిగా, తెల్లగా పండిన ఐసు. మధ్యాహ్నం లారీకి అది సరిపోయింది. సాయంత్రం లారీకి మాత్రం ఏమీ లేదు. అక్కడ చెరువు గట్టు మీద వలలు అప్పటికే లాగేశారు. ఎండలో చేప ఎదురుచూస్తోంది. ఓనరు గారు తాడేపల్లిగూడెంలో తెలిసినవాళ్ళ ఫ్యాక్టరీ నుంచి ఐసు బతిమాలి తెప్పించి, దాంతో పాటు తనే కారులో వచ్చారు. ఆ ఐసు గట్టుకు చేరేసరికి పై ట్రేల్లో చేప మొప్పలు పాలిపోయాయి.

సాయంత్రం అందరూ ట్యాంకు దగ్గర నిలబడ్డారు.

"ఎవరు పెట్టారయ్యా చిప్ప?" అన్నారు ఓనరు గారు.

అమ్మాయి ముందుకొచ్చింది. "నేటి పొరపాటు నాదండీ" అంది. మొట్టమొదటిసారి ఎవరూ నవ్వలేదు. "నిన్న నీళ్ళు పోసేటప్పుడు కరెంటు పోయిందండీ. చీకట్లో తడుముకుంటా పెట్టాను. వరస తప్పుంటాను."

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా నమ్మింది. చిప్ప పెట్టేది తను, తప్పింది చిప్ప, కాబట్టి తప్పు తనది.

"రేపు సరిచూద్దాం" అని ఎవరూ అనలేదు.

"వరస గుర్తుపెట్టుకోలేని పిల్ల చేతికి అమ్మోనియా మెషీను ఇమ్మంటారా?" అన్నారు ఓనరు గారు ఆపరేటరుతో. తర్వాత నావైపు తిరిగారు. "ఏవంటారు సూపర్వైజరు గారూ? ట్యాంకు పని కూడా తీసేసి ట్రేలు కడగడానికి పెట్టేద్దాం."

నా చేతిలో ముంజల కేరేజీ ఇంకా చల్లగానే ఉంది.

"మీ ఇష్టమండీ" అన్నాను.

ఇంత చిన్న మాటతో ఒక మనిషిని కిందకు తోసేయొచ్చని నాకు అప్పుడు తెలిసింది. ఎందుకు ఊరుకున్నానని తర్వాత నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఉద్యోగం పోతుందని కాదు. అంత చిన్నదానికి నన్ను తీసెయ్యరు. బొమ్మలు చూస్తూ చిప్ప తప్పుగా పెట్టానని చెప్పాలి, అదీ సిగ్గు. నా సిగ్గు కోసం ఆ పిల్ల ఆశను తీసేసుకున్నాను.

మర్నాడు ఆదివారం ఏలూరులో మా చర్చి గుడిలో, ఎవరికి వాళ్ళు లేచి తమ సంగతి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. లేచి నిలబడ్డాను. "ఈ వారం నేనొక తప్పు చేశాను, దేవుడు నన్ను క్షమించాలని ప్రార్థన చెయ్యండి" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "మంచి సాక్ష్యం" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు తీసుకుంటుంటే నాకే రోతగా అనిపించింది.

ఇంటికి నడిచి వస్తూ నా భార్యకు మొత్తం చెప్పాను. ఆవిడ పిల్లల చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. ముంజలు తిన్నది వాళ్ళే. నేను ముట్టలేదు.

"మరి గుడిలో ఎందుకు చెప్పారండీ?" అంది.

"పశ్చాత్తాపపడ్డాను కదా."

"అక్కడున్నవాళ్ళకి ఆ పిల్లెవరో తెలీదు. చిప్పేంటో తెలీదు. మీరు ఏం పోగొట్టుకోకుండా చెప్పారు." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది. "అయినా మీరు బొమ్మలు చూస్తారని నాకు చెప్పలేదేంటి?"

సోమవారం పొద్దున్నే ఓనరు గారికి ఫోన్ చేసి, ఒక సంగతి ఉంది, మధ్యాహ్నం రమ్మన్నాను. ఆయన వచ్చేసరికి భోజనాల వేళయింది. టీవీలో సీరియల్ నడుస్తోంది. అమ్మాయి మెషీను గదిలో లేదు. బయట ఎండలో, ట్రేల తొట్టి దగ్గర వంగి ఉంది. పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇంకేం తప్పు జరిగిందోనన్నట్టు నిలబడింది. ఆపరేటరు గారిని టీవీ సౌండు తగ్గించమన్నాను.

సాయంత్రం దాకా ఆగితే మళ్ళీ ధైర్యం పోతుందని భయమేసింది. అందుకే అక్కడే, ట్యాంకు మూతల మీద నిలబడి చెప్పాను.

"శనివారం పొరపాటు నాది. ఈ అమ్మాయి చిప్ప సరిగ్గానే పెట్టింది. నేను ముంజలు చల్లబెట్టుకోవడానికి తీసి, తిరిగి పక్క వరస మీద పెట్టాను." ఎక్కడ కేరేజీ దించానో, చిప్ప ఎక్కడ పెట్టానో కాలితో చూపించాను. "చూడకుండా ఎలా పెట్టారంటారేమో. టీవీ చూస్తా పెట్టాను."

"టీవీలో ఏం చూస్తా?" అన్నారు ఓనరు గారు.

"ఆ పంటు సీరియలండీ. తుఫాను వచ్చింది."

ట్రేలు కడిగే ఆవిడ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అయితే మీరూ చూస్తారన్నమాట! మమ్మల్ని లేవండి లేవండి అని తరిమేది, గుమ్మం మీకొదిలెయ్యడానికా అండీ?"

"నాకు తెలుసండి" అన్నారు ఆపరేటరు గారు. "టీవీ బొమ్మ నల్లబడినప్పుడల్లా అద్దంలో మీ నీడ కనపడేది. మీకు సిగ్గని ఊరుకున్నాను. చిప్ప సంగతి మాత్రం తెలీదు. తెలిస్తే ఊరుకునేవాణ్ణి కాదండి."

అందరూ నవ్వుతున్నారు. అమ్మాయి నవ్వలేదు. నావైపే చూస్తోంది. ఆ పిల్ల 'పర్లేదండీ' అంటుందని నేను లోపల్లోపల ఎదురుచూశాను. మా వైపు అంతా అలాగే అంటారు, ఎంత దెబ్బ తగిలినా.

"నేను రెండు రాత్రులు నిద్రపోలేదండీ" అంది. "చీకట్లో నా చెయ్యి ఎటు పోయిందా అని పదేపదే తలుచుకున్నాను. పక్క వరస మీదకే పోయింది అనిపించింది. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. మీరు అప్పుడే చెప్పుంటే బాగుండేదండీ."

"బాగుండేది" అన్నాను.

ఓనరు గారు చిప్పను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. నన్ను గట్టిగానే నాలుగు మాటలన్నారు. అవి ఇక్కడ రాయను గానీ, ఒక్కటీ ఎక్కువ కాదు. ఆయనకు ఊపిరి తిరిగాక నేనన్నాను: "తనది కాదేమో అనుకోకుండా, తనదే అని ముందుకొచ్చిన పిల్లండీ. అమ్మోనియా దగ్గర మనకు కావలసింది అలాంటి మనిషే. దాచేవాడు అక్కడుంటే ప్రమాదం. నాకు తెలుసు."

"నెలాఖరు దాకా ఎందుకు" అన్నారాయన, ఆపరేటరు గారి వైపు చూసి. "రేపట్నుంచే తీసుకోండి." మళ్ళీ నావైపు తిరిగారు. "మరి ట్రేల దగ్గర మనిషి ఖాళీ అవుద్ది. అక్కడెవరు?"

"దొరికేదాకా నేను కడుగుతానండీ, మధ్యాహ్నం పూట."

"సూపర్వైజరు అయ్యుండి, మీరా?"

"నేనేనండీ."

మంగళవారం మధ్యాహ్నం చొక్కా మేకుకు తగిలించి, లుంగీ పైకి కట్టుకుని ట్రేల తొట్టి దగ్గర కూర్చున్నాను. చేప పొలుసు ట్రే మూలల్లో అతుక్కుపోతుంది. కొబ్బరి పీచుతో ఎంత రుద్దినా ఒకటి మిగిలే ఉంటుంది. "అలా కాదండీ, అంచు మీద పెట్టి రుద్దండి. ఇన్నాళ్ళూ అజమాయిషీ చేశారు, ఎలా కడగాలో చూళ్ళేదా?" అని పక్కన ఆవిడ నేర్పింది. తొట్టి దగ్గర్నుంచి మెషీను గది గుమ్మం కనిపిస్తుంది గానీ టీవీ కనపడదు. సౌండు కూడా కంప్రెసరు హోరులో కలిసిపోతుంది. అమ్మాయి చేతిలో గుడ్డతో, ప్రెషరు ముళ్ళ కేసి చూస్తూ ఆపరేటరు గారి పక్కన నిలబడి ఉంది. ఆ రోజు నావైపు చూడలేదు. మర్నాడూ చూడలేదు. సాయంత్రాలు వరసలో నేను సైకిలు పక్కన పెట్టి అందరితో నిలబడ్డాను. నా పొరపాట్లు చెప్పాను. వెతికితే రోజూ ఉన్నాయి. మిగతావాళ్ళు "రేపు సరిచూద్దాం" అన్నారు. అమ్మాయి పెదవి విప్పలేదు.

ఆ వారం చివర్లో ఒక మధ్యాహ్నం నేను తొట్టిలో చేతులు పెట్టి ఉన్నాను. అమ్మాయి మెషీను గది గుమ్మంలోకి వచ్చింది. ఒక కన్ను ముళ్ళ మీద, ఒక కన్ను టీవీ మీద. నావైపు తిరక్కుండానే గట్టిగా అరిచింది.

"కెప్టెను చెయ్యి బాగయిందండీ! చుక్కాని మాత్రం తిరిగి తీసుకోలేదు, ఆ పిల్లకే వదిలేశాడు!"

"అవునా?" అన్నాను.

"పంటు బయల్దేరింది. వినపడతందా అండీ?"

"నువ్వు చెప్తే వినపడతంది."

ఇంకో ట్రే తీసుకుని అంచు మీద నిలబెట్టి, మూలలో పీచు పెట్టి రుద్దాను.